ఒంటె బటను

ఖరీదైన కార్లు అమ్మే షోరూముల్లో కొత్తగా చేరుతున్న పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ముందే ఒక మాట చెప్పేస్తాను. బండి ఎలా అమ్మాలో నేను చెప్పబోవడం లేదు. దానికి కంపెనీవాళ్లు మిమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి, బిస్కెట్లు పెట్టి మరీ చెబుతారు. గురుగ్రామ్‌లో అలాంటి గదిలో బోర్డు ముందు నిలబడి చాలా ఏళ్లు గొంతు చించుకున్నవాణ్ణి నేను. ఇప్పుడు చెప్పేది ఒక్క బండి సంగతి. అది తలుచుకుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మాది గుడివాడ దగ్గర. డిగ్రీ అయ్యాక ఢిల్లీ వచ్చి స్కూటర్ల షాపులో చేరాను. తర్వాత చిన్న కార్లు, ఆ తర్వాత పెద్ద కార్లు, చివరికి విదేశీ బండ్లు అమ్మే ఒక షోరూములో తేలాను. అక్కడ నా పని అమ్మడం కాదు, అమ్మేవాళ్లకు నేర్పడం. అందరూ మాస్టర్‌జీ అని పిలిచేవారు. ఆ పిలుపు నాకు కొంచెం తలకెక్కిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మా దగ్గర బాగా పోయే బండి ఒక క్రాసోవర్. కారు కన్నా ఎత్తు, జీపు కన్నా నాజూకు. ఏటా దానికి కొత్త మోడల్ వచ్చేది. కొత్తదంటే ఏదో ఊహించుకోకండి. ముందున్న జాలీ మారుస్తారు, దీపాల ఆకారం మారుస్తారు, లోపల తెర ఇంకో బెత్తెడు పెంచుతారు. నిరుటి బండినీ ఈ ఏటి బండినీ పక్కపక్కన నిలబెడితే కవల పిల్లల్లా ఉంటాయి. కానీ ఢిల్లీలో జనం బండితో పాటు ఏడాదిని కూడా కొంటారు. వయసు మీరిన బండ్లను ఇక్కడ రోడ్డెక్కనివ్వరు కదా, అందుకని పెళ్లి సంబంధానికి అడిగినట్టు ముందు బండి వయసే అడుగుతారు. డిసెంబరులో తళతళలాడిన బండి జనవరి వచ్చేసరికి ముసలిదైపోతుంది.

అందుకే ఏడాది చివర నా విద్య ఒకటి షోరూములో బాగా చెల్లేది. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టించేవాణ్ణి. ఆదివారం పేపర్లో పిల్లల పేజీలో రెండు బొమ్మలు వేసి తేడాలు కనుక్కోమంటారు చూడండి, ఆ ఆటే షోరూముకి వచ్చినవాళ్లతో ఆడించేవాణ్ణి. పెద్ద పెద్ద కంపెనీల డైరెక్టర్లు కూడా చేతులు వెనక్కి కట్టుకుని, రెండు బండ్ల చుట్టూ తిరుగుతూ, ఇది మారింది, అది మారింది అని సంబరపడేవారు. ఎవరికీ దొరకని తేడా నేను చూపిస్తే చప్పట్లు కొట్టేవారు. ఆ ఆట అయ్యాక పాత బండి అడిగేవాడు ఉండేవాడు కాదు.

ఆ ఆటలో ఒక లోపం ఉంది. మాకు తేడాలు పంపేది కంపెనీ. ఏం చేర్చిందో పంపుతుంది కానీ, ఏం తీసేసిందో ఎందుకు పంపుతుంది? నిరుడు ఉన్నది ఈ ఏడు లేకుండా పోవచ్చన్న ఆలోచనే మాకెవరికీ రాలేదు. కొత్తది అంటే పాతదంతా ఉండి, పైన ఇంకొంచెం ఉన్నది అని మా లెక్క. నేను అందరికీ నేర్పిందీ అదే.

ఒక నవంబరులో ఢిల్లీ పక్కనున్న వైశాలి నుంచి ఒక తెలుగు దంపతులు వచ్చారు. ఆవిడ బాపట్ల వైపు మనిషి. గల్ఫ్‌లో చాలాకాలం నర్సుగా చేసి, తర్వాత ఢిల్లీలో ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సులందరి మీదా అధికారిగా ఉన్నారు. బండి నడిపేది కూడా ఆవిడే. ఆయన ఎక్స్‌రే విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. వాళ్ల తెలుగు చర్చిలో హార్మోనియం వాయిస్తారు. వెన్నుకి ఆపరేషన్ అయినప్పటి నుంచి చేతికర్ర ఉంటేగానీ నడవలేరు. షోరూములో తెలుగు మాట వినబడేసరికి ఆయన మొహం వికసించింది. నన్ను మొదటి మాటలోనే బ్రదర్ అన్నారు.

ఆయనకున్న ఇబ్బంది చాలా సూటిగా చెప్పారు. సీటు కిందికి ఉంటే కూర్చున్నాక లేవలేరు. సీటు ఎత్తుగా ఉంటే అందులోకి కాలు ఎత్తలేరు. ఏ కారు ఎక్కాలన్నా ఆవిడ పట్టుకుని ఎక్కించాలి.

"ముప్పై ఏళ్లు మంచాల మీద నుంచి మనుషుల్ని ఎత్తిందండీ ఈవిడ," అన్నారు. "నడుం పోయింది. ఇంటికొచ్చి మళ్లీ నన్ను ఎత్తడమేంటి చెప్పండి. నా అంతట నేను ఎక్కే బండి ఏదైనా ఉందా బ్రదర్?"

ఉంది. మా క్రాసోవర్‌లో ముందు సీటు పక్కన ఒక బటను ఉండేది. నొక్కితే బండి మెల్లగా కిందికి దిగి ఆగేది. కూర్చున్నాక మళ్లీ లేచేది. దిగాల్సినప్పుడు కావలసినంత ఎత్తులో ఉండేది. ఎడారిలో ఒంటె మోకాళ్లు వంచి మనిషిని ఎక్కించుకున్నట్టు ఉంటుందని షోరూములో అందరూ దాన్ని ఒంటె బటను అనేవారు. గోతుల రోడ్ల మీద పనికొచ్చే బండి ఎత్తు గురించి అడిగేవారే తప్ప, ఆ బటను కోసం బండి కొన్నవాళ్లు అంతవరకు నాకు తగల్లేదు.

ఆయన కర్ర ఆవిడ చేతికిచ్చి, తలుపు పైనున్న పిడి పట్టుకుని, బటను నొక్కారు. బండి వంగింది. వంగేదాకా ఆగి, కాలు లోపల పెట్టి, కూర్చున్నారు. ఎవరూ చెయ్యి వేయలేదు. తర్వాత దిగారు. మళ్లీ ఎక్కారు. మళ్లీ దిగారు.

"ఇది నాకు దండం పెడుతోందే," అన్నారు ఆవిడతో. ఆవిడ నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. అప్పటికప్పుడే బండి బుక్ చేశారు.

ఇక్కడితో నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

డిసెంబరులో కొత్త మోడల్ వచ్చి షోరూములో నిలబడింది. వీళ్లు బుక్ చేసి ఇంకా తీసుకోని బండి నిరుటి మోడల్, ఆ రంగులో అది ఒక్కటే మిగిలింది. మనవాళ్లు కదా, పాతది అంటగట్టానన్న మాట నాకొద్దనుకున్నాను. పైగా నా ఆట చూపించాలన్న దురద ఒకటి. ఆవిడకు ఫోన్ చేసి, కొత్తది వచ్చింది, ఒకసారి చూసి నిర్ణయించుకోండి అన్నాను. ఆవిడ డ్యూటీ నుంచి నేరుగా, మెట్రో మారి, అలసిపోయి వచ్చారు. ఆయన రాలేదు. చలికి ఆయన నడుం బిగుసుకుపోయిందట.

నేను రెండు బండ్లనీ పక్కపక్కన పెట్టించి ఆట మొదలుపెట్టాను. ఆవిడ మర్యాద కోసం చుట్టూ తిరిగారు కానీ, జాలీ మీదా దీపాల మీదా ఆవిడకు ధ్యాస లేదు. ఒక్క సంగతే అడిగారు.

"ఆయన ఎక్కేది అలాగే ఉంటుందిగా అండీ?"

"పాతదానిలో ఉన్నవన్నీ ఉంటాయమ్మా. పైన ఇవి ఎక్కువ," అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నేను కొత్త బండిని ఆనుకునే నిలబడి ఉన్నాను. తలుపు తీసి చెయ్యి పెడితే తెలిసిపోయేది. ఆ వారమంతా ఆ బండిలో ఎన్నోసార్లు ఎక్కాను, దిగాను. ఒక్కసారి కూడా ఆ బటను కోసం చూడలేదు. నా మోకాళ్లు బాగానే ఉన్నాయి కదా. ఆవిడ నా మాట నమ్మి బుకింగ్ మార్పించారు. వదిలేసిన పాత బండిని రెండు రోజుల్లో ఫరీదాబాద్ బిల్డర్ ఒకాయన తన్నుకుపోయాడు. మా మేనేజరు నన్ను అందరి ముందూ మెచ్చుకున్నాడు.

డెలివరీ రోజు మా దగ్గర పెద్ద హంగామా ఉంటుంది. బండికి ఎర్ర పట్టు గుడ్డ కప్పి, రిబ్బను కట్టి, కేకు తెచ్చి, ఫోటోలు తీస్తాం. మామూలుగా చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. వీళ్లకి పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. చర్చి నుంచి బంధువుల్లాంటివాళ్లు రెండు క్యాబుల నిండా వచ్చారు. కూతురు కూడా ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చింది. ఆయన కొత్త చొక్కా వేసుకున్నారు. బండి దండం పెడుతుంది చూడండి అని దారి పొడవునా అందరికీ చెప్పుకుంటూ వచ్చారట.

గుడ్డ తీశాం. చప్పట్లు కొట్టారు. ఆయన కర్ర పాస్టరు గారికిచ్చి, తలుపు తీసి, పిడి పట్టుకుని, బొటనవేలితో సీటు పక్కన తడిమారు. బటను ఉండాల్సిన చోట నున్నటి ప్లాస్టిక్ బిళ్ల ఉంది. ఆయన దాన్నే గట్టిగా నొక్కి, బండి వంగుతుందని ఆగారు. చుట్టూ అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకుని ఆగారు. నేనూ ఆగాను. అంతమంది మనుషులు ఒక బండి వంగుతుందని ఎదురుచూస్తూ నిలబడడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

నేను పక్కకి వెళ్లి వర్క్‌షాపు ఇన్‌చార్జికి ఫోన్ చేశాను. అతను ఏదో తింటూ తాపీగా చెప్పాడు. "వో తో ఇస్ సాల్ నహీ ఆయా, మాస్టర్‌జీ." విడిభాగాల కొరత వల్ల ఈ ఏడు ఆ బటను తీసేశారట. ట్రైనింగ్ ఇచ్చేది మీరే కదా, మీకు తెలీదా అని ఆశ్చర్యపోయాడు.

నేను తిరిగి వచ్చేసరికి ఆయన సొంతంగా కాలెత్తడానికి ప్రయత్నిస్తున్నారు. అంచు దాకా వస్తోంది, దాటడం లేదు. మూడోసారికి నుదుటి మీద చెమట పట్టింది, ఆ చలిలో. కూతురు నెమ్మదిగా, "ఛోడియే నా, పాపా," అంది, ఇక వదిలేయమని. అప్పుడు ఆవిడ హ్యాండ్‌బ్యాగు పక్కన పెట్టి ముందుకొచ్చారు. ఆయన చంకల కింద చేతులు వేసి, ఆసుపత్రిలో అలవాటైన పద్ధతిలో, ఒక్క ఊపులో ఎత్తి సీటులో కూర్చోబెట్టారు. ఆయన ఆవిడ వైపు చూడలేదు. వెనకనున్నవాళ్లు ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని మళ్లీ చప్పట్లు కొట్టారు.

పాస్టరు గారు అమాయకంగా అడిగారు, అదేదో వంగుతుందన్నారు కదా బ్రదర్ అని.

"ఈ ఏటి బండికి అది లేదని ఈయన ముందే చెప్పారండి," అన్నారు ఆయన నన్ను చూపిస్తూ. "నాకే గుర్తు లేదు."

నన్ను కాపాడుతున్నారని ఒక్క క్షణం అనుకున్నాను. కాదు. ఆరోజు ఒంటరిగా వచ్చి బండి మార్పించింది ఆవిడ. అంతమందిలో ఆ తప్పు ఆవిడ మీదికి వెళ్లకుండా ఆయన అడ్డం నిలబడ్డారు. ఆ చాటున నేను కూడా దూరాను. ఆవిడకు తెలుసు, తను అడిగిందనీ, నేను ఉంటుందన్నాననీ. ఆవిడ నా వైపు చూసి, కోపం లేకుండా, నేను నోరు విప్పుతానని ఊరికే ఆగారు.

నేను నోరు విప్పాను. "కేకు కోద్దామా అండీ?" అన్నాను.

ఉద్యోగంలో పొరపాట్లు అందరూ చేస్తారు. తెలియక చెప్పినదానికి నేను నన్ను ఎప్పుడో క్షమించుకున్నాను. ఆ కేకు మాటకి మాత్రం క్షమించుకోలేకపోయాను. మిగతావన్నీ పొరపాట్ల కింద రాసుకోవచ్చు, అది పిరికితనం.

మర్నాడు మేనేజరు దగ్గరికి వెళ్లాను. బండి వెనక్కి తీసుకోలేమా అని అడిగాను. రిజిస్ట్రేషన్ అయిపోయింది, ఇక అది పాత బండే అన్నాడు. ఫీచర్లు మారవచ్చని ముందే కాగితం మీద ఉంది కదా అన్నాడు. నేను వదలకపోయేసరికి విసుక్కుని, "గాడీ మే ప్రాబ్లమ్ నహీ హై, ఉన్‌కో చఢ్‌నే మే ప్రాబ్లమ్ హై," అన్నాడు. సమస్య బండిలో లేదు, ఎక్కే మనిషిలో ఉందట. ఆ మాటకి చెంప పగలగొట్టాలనిపించింది. అచ్ఛా సర్ అని బయటికి వచ్చేశాను.

తర్వాత నేను చేసినవన్నీ కంటితుడుపు పనులే. కరోల్ బాగ్‌లో కార్ల సామాను అమ్మే గల్లీలన్నీ తిరిగి ఒక మడత మెట్టు కొన్నాను. దాన్ని పట్టుకుని మెట్రోలో రాజీవ్ చౌక్‌లో మారి వైశాలి వెళ్లాను. ఆయన నా తృప్తి కోసం ఒకసారి ఎక్కి చూశారు. మెట్టు కదిలింది. ఆవిడ వంగి దాన్ని పట్టుకోవాల్సి వచ్చింది. అంటే నడుం నొప్పి ఆవిడను మాత్రం వదల్లేదు. బాగుంది బ్రదర్, చాలా శ్రమ తీసుకున్నారు అన్నారు ఆయన. ఆ మెట్టు మీద ఇప్పుడు వాళ్ల బాల్కనీలో తులసి కాదు గానీ, పుదీనా కుండీ ఉంది.

ఆ వేసవిలో ఒక ఆదివారం వాళ్ల చర్చిలో ఏదో విందు ఉందని పిలిచారు. వెళ్లకపోతే బాగుండదని వెళ్లాను. గేటు దగ్గర నిలబడి ఉండగా ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ఆయన, ముందున్న ఇనుప కమ్మీ పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా దిగారు. ఆటో నేల కిందికి ఉంటుంది, సీటు నిటారుగా ఉంటుంది, పట్టుకోవడానికి కమ్మీ ఉంటుంది. ఆయనకి సరిగ్గా కావలసిన బండి అది. దాని వెనకే, ఆటో వేగానికి తగ్గట్టు మెల్లగా, మా క్రాసోవర్ వచ్చింది. నడుపుతున్నది ఆవిడ. లోపల చర్చికి వచ్చే పెద్దావిడలు నిండుగా కూర్చున్నారు. ఎవరి కోసం కొన్నారో ఆ మనిషి తప్ప అందరూ ఆ బండి ఎక్కారు.

ప్రతి ఆదివారం ఇలాగే వస్తారండీ, ముందు ఆటో, వెనక ఈ మహారాణి అని పాస్టరు గారు నవ్వారు. ఆయనా నవ్వారు. నేను కూడా నవ్వాల్సి వచ్చింది.

మళ్లీ డిసెంబరు వచ్చింది. మళ్లీ కొత్త మోడల్. కంపెనీ పంపిన తేడాల్లో మొట్టమొదటిది చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఒంటె బటను మళ్లీ పెట్టారు. తాము తీసేసినదాన్నే తాము కనిపెట్టినట్టు, సరికొత్త సదుపాయం అని మొదటి వరసలో వేశారు. కంపెనీల సిగ్గు గురించి నేను మాట్లాడకూడదు, నా సిగ్గు నాకే ఎక్కువైంది. కానీ ఆ రోజు నాకు కోపం రాలేదు, ప్రాణం లేచొచ్చింది. మేనేజరు దగ్గరికి వెళ్లి, వాళ్ల బండి తీసుకుని మంచి ధర కట్టి కొత్తది ఇచ్చేలా, ఈసారి గొంతు పెంచి మరీ ఒప్పించాను. రిటైరయ్యేలోగా ఇదొక్కటి సరిచేసుకోవాలని నా ఆరాటం.

వైశాలిలో ఆయన ఇంట్లో ఒక్కరే హార్మోనియం ముందు కూర్చుని ఉన్నారు. ఆవిడ డ్యూటీలో ఉన్నారు. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను. ముందు అసలు మాట చెప్పాను.

"ఆ రోజు అమ్మగారు నన్ను అడిగారండీ, బటను ఉంటుందా అని. నేను చూడకుండానే ఉంటుందని చెప్పాను. తప్పు ఆవిడది కాదు."

"తెలుసు బ్రదర్. ఇంటికి రాగానే చెప్పింది," అన్నారు. "కూర్చోండి."

ఏడాది పాటు నేను మోసుకు తిరిగిన రహస్యం ఆయనకి కూడా మొదటిరోజే తెలుసు. తెలిసీ నన్ను విందుకు పిలిచారు, నా మెట్టు ఎక్కి చూశారు. నాకు కూర్చోవాలనిపించలేదు. గబగబా కొత్త మోడల్ సంగతి చెప్పాను. బటను తిరిగొచ్చింది, బండి మార్చి ఇస్తాం, మీరు సంతకం పెడితే చాలు అన్నాను. ఆయన శ్రద్ధగా విన్నారు. సంతోషపడ్డట్టే ఉన్నారు. కాసేపు హార్మోనియం మెట్ల మీద వేళ్లు ఆడించి, మామూలుగా, తప్పు పట్టే గొంతు కాదు, తెలుసుకునే గొంతుతోనే అడిగారు.

"అయితే మరి, ఈ ఏడు ఏం తీసేశారు?"

కంపెనీ పంపింది చదివాను, మేనేజరుతో పోట్లాడాను, మెట్రో ఎక్కి వచ్చేశాను. షోరూములో నిలబడిన ఆ కొత్త బండి తలుపు తీసి లోపలికి చూడలేదు. ఏడాదంతా సిగ్గుపడ్డాను కానీ ఏమీ నేర్చుకోలేదు.

"చూడలేదండీ," అన్నాను.

"చూసి రండి బ్రదర్. టీ తర్వాతైనా తాగొచ్చు," అన్నారు.

సాయంత్రానికి గురుగ్రామ్ చేరాను. ఒక చేతికర్ర సంపాదించి, నా కాలు పైకి లేవదనుకుని, కొత్త బండి దగ్గర నిలబడ్డాను. సేల్స్ కుర్రాళ్లు మాస్టర్‌జీకి ఏమైందా అని చూస్తున్నారు. సీటు పక్కన బటను ఉంది. నొక్కితే బండి మెల్లగా, ఎంతో వినయంగా వంగింది. నేను ఎక్కడానికి పిడి కోసం చెయ్యి పైకెత్తాను. వేళ్లకి మెత్తటి గుడ్డ తగిలింది. తలుపు పైనున్న పిడి తీసేశారు.

పిడి లేకుండా ఎక్కి చూశాను. బాగున్న మోకాళ్లతో కూడా తూలాను. అక్కడి నుంచే ఆయనకు ఫోన్ చేసి, పైన పట్టుకునేది లేదండీ, ఈ బండి మీకు పనికిరాదు, తీసుకోకండి అన్నాను. నా ఉద్యోగంలో బండి కొనొద్దని ఒకరికి చెప్పడం అదే మొదలు.

అవతలి నుంచి ఆయన, "మంచిది బ్రదర్. చూసి చెప్పారు, థాంక్యూ," అన్నారు.

మా ఇంట్లో ఒక అలమర నిండా కంపెనీ ఇచ్చిన షీల్డులు ఉన్నాయి. వాటిలో ఏది చూసినా నాకేమీ అనిపించదు. ఆ థాంక్యూ గుర్తొస్తే మాత్రం తలవంపుగా ఉంటుంది. ఒక్కసారి తలుపు తీసి చూసినందుకు చెప్పిన థాంక్యూ అది. ఆయన ఇప్పటికీ ఆటోలోనే వెళ్తారు.